బుదూర్ కప్పు

నేను పనిచేసే ఇంటి అమ్మాయి బుదూర్ దూరదేశం వెళ్తుంటే, ఆమె పెట్టెలో బట్టలు సర్దుతున్నాను. కువైట్ టీవీలో పేరున్న యాంకర్ ఆమె. ఇప్పుడు కార్యక్రమాలు నడిపేదీ, అభిమానులకు బదులిచ్చేదీ కంప్యూటర్‌తో తయారైన, తెరమీది ఆమె ప్రతిరూపమే.

“మళ్ళీ ఎప్పుడొస్తారు మేడమ్?” అన్నాను.

“పండక్కి వస్తా, ఓబులమ్మా. అందాకా అమ్మకు తెరమీది నా ప్రతిరూపం తోడుంటుంది.”

ఆ రోజు నుంచి తల్లి తెర ముందు కూతురి కప్పు పెట్టి కాఫీ పోసేది. కువైట్‌లో కాఫీ తాగేవాళ్ళు ఇక చాలనుకుంటే కప్పు ఊపి లేస్తారు. అందాకా పోస్తూనే ఉండాలి. ప్రతిరూపం కబుర్లు చెబుతూనే ఉండేది. కాఫీ బల్లమీదికి పొర్లేది.

“ఇట్ల పోస్తా ఉంటే ఇల్లు కొట్టుకపోతాది గదమ్మా,” అన్నాను తుడుస్తూ.

“పోనీ. తను చాలని కప్పు ఊపితే, లేచి వెళ్ళిపోతుంది,” అంది ఆవిడ.

బుదూర్ ఆ రంజాన్ పండక్కి రాలేదు. ఆ తర్వాత ఏ పండక్కీ రాలేదు.