మనిషిపై నడవరాదు

సోమవారం పొద్దున డెర్వలా ఆఫీసుకొచ్చేసరికి ఆమె బల్ల మీద ఎవరో ఊరి పత్రిక పెట్టి వెళ్ళారు.

మొదటి పేజీలోనే ఫొటో. పార్కు పచ్చికలో ఓ కుర్రాడు వెల్లకిలా పడుకుని పళ్ళికిలిస్తున్నాడు. వాడి తల దగ్గర డెర్వలా రాయించిన కొత్త బోర్డు.

కింద ఇంగ్లీషులో బుద్ధిగానే ఉంది: గడ్డిపై నడవరాదు.

పైన ఐరిష్‌లో మాత్రం: మనిషిపై నడవరాదు.

'ఫేర్' అంటే గడ్డి, 'ఫ్యార్' అంటే మనిషి. రాతలో రెండింటికీ తేడా అక్షరం నెత్తిన ఒక్క గీత, మన దీర్ఘం లాంటిది. ఆ గీత పెట్టడం మరిచిపోయింది మహాతల్లి.

కిల్వార్నా కౌన్సిల్ ఆఫీసులో ఆమె చేరి నాలుగు నెలలు. ఇంకో రెండు నెలలు గడిస్తే ఉద్యోగం పర్మనెంటవుతుంది.

ఆ వారమంతా ఆఫీసు ఆమెను ఆటపట్టించింది.

"పార్కు మీదుగా వచ్చావా డెర్వలా? ఎవర్నీ తొక్కలేదు కదా?"

"కేకు తెచ్చాను, తీసుకో. దీర్ఘం ఉందో లేదో చూసి మరీ తిను."

ఐరిష్‌లో కేకుకి దీర్ఘం తీసేస్తే పెంట అవుతుంది. అందరితోపాటు డెర్వలా కూడా నవ్వింది. తర్వాత బాత్రూములో తలుపేసుకుని ఏడ్చింది.

పై అధికారి ఫింటన్ మాత్రం నవ్వలేదు.

"కొత్త బోర్డు శుక్రవారానికి వస్తుంది. వెళ్ళి నువ్వే మార్చిరా. ఇంకొక్క తప్పు దొర్లిందంటే నీ ఫైలు మీద నేను సంతకం పెట్టలేను."

బుధవారం టపాలో ఐరిష్‌లో రాసిన ఉత్తరం ఒకటి వచ్చింది. ఆఫీసులో ఆ భాష ధారాళంగా చదవగలిగింది డెర్వలాయే కాబట్టి ఆమె చేతికే ఇచ్చారు.

'పార్కులో బోర్డు పెట్టినందుకు చాలా సంతోషం. ఆలస్యమైతేనేం, పెట్టారు. రాసినవారు చల్లగా ఉండాలి. ఇట్లు, కోల్మన్.'

"ఎంత వెటకారం వీడికి," అనుకుని నాలుగు ముక్కలుగా చించి పారేసింది.

శుక్రవారం కొత్త బోర్డు, స్క్రూడ్రైవరు పట్టుకుని పార్కుకి వెళ్ళింది.

ఇద్దరమ్మాయిలు పచ్చికలో పడుకుని ఫొటోలు తీసుకుంటున్నారు. ఎనభై దాటిన ముసలాయన ఒకడు కర్ర ఊపుతూ వాళ్ళను లేపుతున్నాడు.

"లేవండమ్మా, లేవండి. బోర్డు చదవలేదా?"

అమ్మాయిలు కిసుక్కున నవ్వుకుంటూ లేచిపోయారు. ముసలాయన టోపీ తీసి, బోర్డు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

డెర్వలాకి ఒళ్ళు మండింది.

"చాల్లెండి పెద్దాయనా. ఊరంతా నవ్వింది చాలదా, మీరు కూడానా?"

"నేనెందుకు నవ్వుతానమ్మా?"

"కోల్మన్ అని ఉత్తరం రాసింది మీరేనా?"

"నేనే. ఈ బోర్డు రాసింది నువ్వా తల్లీ?"

"నేనే. తప్పు రాశాను. కింద ఇంగ్లీషులో చూడండి, గడ్డి అనే ఉంది."

"ఇంగ్లీషుతో నాకేం పని? మన భాషలో ఉన్నదే చదువుకున్నా."

ఇంక ఆయనతో మాట్లాడటం దండగనుకుని ఆమె స్క్రూలు విప్పడం మొదలుపెట్టింది. ఆయన ఊడిన బోర్డు వైపు చెయ్యి చాచాడు.

"పాతది నాకిచ్చేస్తావా?"

"ఎందుకు, గోడకి తగిలించి వచ్చేపోయేవాళ్ళకి చూపించడానికా?"

ఆయన టోపీ పెట్టుకుని, నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"తప్పు రాశానని మాత్రం అనుకోకమ్మా," అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే డెర్వలా పాత బోర్డును తుక్కు లారీలో వేయించింది. పీడ వదిలిందనుకుంది.

రెండు నెలలు గడిచాయి. ఫింటన్ సంతకం పెట్టాడు. ఆ వారంలోనే బ్రీజ్ అనే ఆవిడ ఓ సంచీ మోసుకుంటూ ఆఫీసుకి వచ్చింది.

"పార్కు బోర్డు రాసింది మీరేనాండీ? నేను కోల్మన్ గారి పక్కింటిదాన్ని. ఆయన పోయి పది రోజులైంది. పెరట్లో వేసిన బంగాళాదుంపలు ఇవి. మొదటి తవ్వకం మీకే ఇవ్వాలని మరీమరీ చెప్పారు."

డెర్వలా సంచీ అందుకోలేదు.

"నాకెందుకండీ? నేను ఆయన్ని నానా మాటలూ అన్నాను."

"అదేం చెప్పలేదే. 'బంగారంలాంటి పిల్ల' అన్నారు. ఆ బోర్డు ఇంకా ఉందా?"

"లేదు. అడిగారు కూడా. నేనే తుక్కులో వేయించాను." చెబుతూ ఆమె సిగ్గుతో తల దించుకుంది. ఊరంతా నవ్విన మాటను మెచ్చుకున్నది ఆయనొక్కడే. ఆ ఒక్కడినే ఆమె కసిరి పంపేసింది.

"బాధపడకండి. బోర్డు ఉన్నన్నాళ్ళూ రోజూ వెళ్ళి చూసుకుని మురిసిపోయారు. ఆ పార్కు ఉన్నచోట పూర్వం దిక్కులేనివాళ్ళ ఆసుపత్రి ఉండేది. పోయినవాళ్ళను పేరూ రాయీ లేకుండా పెరట్లోనే పూడ్చేసేవాళ్ళు. అక్కడ ఒక్క రాయి నిలబెట్టండని ఆయన ముప్ఫై ఏళ్ళపాటు ఈ ఆఫీసుకి ఉత్తరాలు రాశారు. ప్రతిసారీ ఒకటే జవాబు: అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు."

బ్రీజ్ సంచీని బల్ల మీద పెట్టి డెర్వలా చేయి పట్టుకుంది.

"గడ్డి కాదు, మనిషే ఉన్నాడని రాసింది మీరొక్కరేనండీ."

"ఎవరు?" అంది డెర్వలా.

"కోల్మన్ గారికి ఆరేళ్ళప్పుడు అక్కడే పూడ్చేశారు, వాళ్ళ నాన్నని."