తలుపు తప్పిన డబ్బా

"కింద," అంది యద్విగా ఫోన్‌లో. "మా ఇల్లు కింద."

"కందా? మా వంటకాల్లో కంద లేదండీ. బీట్‌రూట్ ఇవ్వగలం," అంది డబ్బా భోజనాల కంపెనీ అమ్మాయి.

"కంద కాదు తల్లీ, కింద. నేల మీదున్న అంతస్తు. మీవాడు నా సంచి రోజూ నాలుగో అంతస్తు తలుపుకి తగిలించి పోతున్నాడు."

"ఫారంలో నాలుగే ఉందండీ. సోమవారానికల్లా సరిచేయిస్తాను."

ఆ సోమవారం వచ్చి వెళ్ళింది. దాని చెల్లెళ్ళు కూడా ఇద్దరు వచ్చి వెళ్ళారు. సంచి మాత్రం నాలుగో అంతస్తు దిగలేదు.

యద్విగా పోజ్నాన్ నగరంలో ట్రామ్ నడుపుతుంది. ఇరవై రెండేళ్ళుగా చక్రాలతో బతికిన మనిషికి ఇప్పుడు చక్కెర చుట్టుకుంది. తెల్లవారుజామున ఒక విడత డ్యూటీ, మధ్యాహ్నం దాటాక మరో విడత. నడిపేదీ కూర్చునే, సాసేజీ బన్నూ తినేదీ కూర్చునే, అలసి నిద్రపోయేదీ కూర్చున్న కుర్చీలోనే. డిపో డాక్టరు మే నెల దాకా గడువిచ్చాడు. అప్పటికి చక్కెర దిగకపోతే ఆమే ట్రామ్ దిగాలి. దిగి, జనం మరిచిపోయిన గొడుగులకు చీటీలు కట్టే గదిలో కూర్చోవాలి. మళ్ళీ కూర్చోవడమే.

అందుకే డైటీషియన్ ఓటీలియా దగ్గరికి పరిగెత్తింది. ఆవిడ గంటసేపు కూపీ లాగింది. ఏం తింటారు, ఎప్పుడు పడుకుంటారు, ఇంటికి లిఫ్టుందా, పై వాటాలవాళ్ళతో మాటలున్నాయా. చివరికి, "ఒంటికి కొలతలు తీసుకుని చొక్కా కుట్టినట్టు మీ ఒక్కరికే కుట్టిన పథ్యం ఇది," అని డబ్బా భోజనాలు తనే పురమాయించింది.

'కుట్టడమేమోగానీ కుట్ర చేసినట్టుంది,' అనుకుంది యద్విగా మొదటి వారంలోనే. ఎందుకంటే నాలుగో అంతస్తు తలుపు పానీ కునెగుండాది. పానీ అంటే అక్కడ అమ్మగారు అని. ఒకప్పటి ఆస్పత్రి నర్సు. పేరు చివర గుండా, మాట మొదలు బండ. సంచి తలుపుకి తగిలిన మరుక్షణం లోపలికి లాగి ఫ్రిజ్‌లో పెట్టేసుకునేది.

"మూడు డబ్బాలూ ఒకేసారి ఇచ్చేయండి పానీ కునెగుండా. లిఫ్టు లేని కొంపలో ఎన్నిసార్లు ఎక్కను?"

"నా తలుపుకొచ్చింది, నా ఇష్టం. తినగానే ఖాళీ డబ్బా తే, తర్వాతి పూటది పట్టుకెళ్ళు. ఎండితే కడగలేను. టమాటా నారు పోసుకోడానికి నాకు డబ్బాలు కావాలి."

"మా ఆయన్ని పంపుతా."

"మీ ఆయన పేరు యద్విగానా? చీటీ మీద ఆ పేరే ఉంది మరి."

ఒకరి ముందు మెట్టు దిగి ఎరగని యద్విగా ఇలా పూటకి డెబ్బై రెండు మెట్లు ఎక్కసాగింది.

"కంపెనీ మార్చెయ్యవే," అన్నాడు భర్త జెనోన్, మోకాలికి మందు రాసుకుంటూ.

"మార్చను. తప్పు వాళ్ళది. వాళ్ళ నోటితోనే ఒప్పిస్తా."

ప్రతి సోమవారం ఫోన్ చేసింది. ప్రతి సోమవారం ఆ అమ్మాయి తియ్యగా క్షమాపణ చెప్పింది. ఆ ఇంట్లో అప్పటికి మిగిలిన తీపి అదొక్కటే.

పెద్ద ఉపవాసాలకు ముందొచ్చే కొవ్వు గురువారం నాడు ఊరంతా జామ్ నింపిన పోన్‌చ్కి బూరెలు తింటుంటే, డబ్బాలో ఉడికిన కాషా గింజలు, క్యాబేజీ వచ్చాయి. యద్విగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇవాళ ఒక్కటీ తినకపోతే ఏడాదంతా దరిద్రమంటారు పానీ కునెగుండా."

ముసలావిడ ఒక బూరె తెచ్చి చాకుతో రెండు చేసింది. "సగం నీకు, సగం నాకు. దరిద్రాన్ని కూడా సగం సగం పంచుకుందాం. ఇంతకీ నిన్న మెట్లెక్కుతూ ఎక్కడ ఆగావు?"

"మూడో అంతస్తు కిటికీ దగ్గర."

"ఇవాళ?"

"మీకెందుకు?"

"బూరె కావాలా వద్దా?"

"ఆగలేదు," అంది యద్విగా, రొప్పు దాచుకుంటూ.

"తూలుతున్నావ్, ఉండు," అంటూ కునెగుండా ఆమె మణికట్టు పట్టుకుని, ఇక దయచెయ్యమన్నట్టు గోడ గడియారం వైపు చూసింది. రోజూ అదే మర్యాద.

ఏప్రిల్ వచ్చింది. కునెగుండా వంటింట్లో ఖాళీ డబ్బాలు గుట్ట పడ్డాయి. కిటికీ గట్టు మీద మాత్రం టమాటా మొలక ఒక్కటీ లేదు. 'పీనాసి, డబ్బాలు అమ్ముకుంటుంది కాబోలు,' అనుకుంది యద్విగా, అరుస్తూ మెట్లెక్కి, అరుస్తూనే దిగుతూ. ఎక్కుతూ అరవగలుగుతున్నానని ఆమెకు తట్టలేదు.

మే నెలలో డిపో డాక్టరు కాగితాన్ని రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చదివాడు. సంతకం పెట్టాడు.

యద్విగా భర్తను వెంటేసుకుని నేరుగా ఓటీలియా గదికి వెళ్ళింది.

"పానీ ఓటీలియా, చక్కెర దిగింది, నేను ట్రామ్ దిగలేదు. మీ పథ్యానికి దణ్ణం. కానీ నా చిరునామా రాసిన ఆ దద్దమ్మ ఎవరో నాకు తెలియాలి. మూడు నెలలు మెట్లెక్కించి చంపాడు."

"కంద ఒక్కటే పెట్టలేదు," అన్నాడు జెనోన్.

ఓటీలియా నవ్వలేదు. బీరువాలోంచి యద్విగా ఫైలు తీసి, మొదటి పేజీ తెరిచి వాళ్ళ వైపు తిప్పింది. అడుగున రెండు సంతకాలున్నాయి. రెండోది కునెగుండాది. ఆ పైన, మందు పేరు రాసే గడిలో, ఓటీలియా చేతిరాత ఒకే ఒక్క వరుస.

నాలుగో అంతస్తు, రోజుకు మూడుసార్లు, తిన్నాక.