లోపల ఇంకొకరు

“లోపల ఇద్దరుండారని చూపిస్తాంది. ఒకడు నేను. ఇంకొకడెవడబ్బీ?”

స్క్రీన్ మూలనున్న అంకె మీద వేలు పెట్టి అడిగాడు ఖలందర్.

“లింకు ఉన్నోళ్ళెవరైనా రావొచ్చు భాయ్. ఎవరొచ్చారో లైబ్రరీకి తెలీదండి,” అన్నాడు జాబేజ్, టీ గ్లాసులోంచి తల ఎత్తకుండా.

మొబైల్ షాపుల్లో సౌదీలే పనిచేయాలన్న ఉత్తర్వుతో బురైదాలో మొబైళ్ళ వ్యాపారం మూతపడ్డప్పుడు, ఖలందర్ చేతిలో మిగిలింది ఖాళీ కొట్టు, రెండు పాత కంప్యూటర్లు, ప్రోగ్రాములు రాసే ఈ భీమవరం కుర్రాడు. వాటికి మించి, ఇద్దరికీ వీసా ఇచ్చిన కఫీల్ అబూ సాలెహ్ నమ్మకం. ఆ పెద్దాయన తన సర్కారు ఖాతాను ఖలందర్‌కే వదిలేశాడు. తన కింద పనిచేసేవాళ్ళు దేశంలో ఉండటానికి ఇఖామాలు, దేశం వదిలి పోవడానికి ఎగ్జిట్‌లు అన్నీ అందులోనే.

జాబేజ్ రాస్తున్న లైబ్రరీ, అంటే వేరే సైట్లకు తగిలించుకునే ప్రోగ్రాము, వింతైనది. బ్రౌజర్ కొట్టులోని కంప్యూటర్‌లో నడుస్తుంది. ఎక్కడో ఖర్జూర తోటలో ఉన్నవాడు ఫోన్‌లో దాన్ని చూస్తూ నొక్కుతాడు. ఇద్దరు తెరిస్తే ఇద్దరి చేతులూ ఒకే పేజీ మీద. ఎవరు ఏ పద్ధతిలో కట్టిన సైట్‌కైనా అతుకుతుంది.

“అంటే తబూక్‌లోనోడికీ అమ్మొచ్చు, మదీనాలోనోడికీ అమ్మొచ్చు?”

“ఎవరికైనా అమ్మొచ్చండి.”

“నన్నొదిలేసి?”

“మీ అనుమానానికి మందు లేదు భాయ్,” అని నవ్వాడు జాబేజ్.

ఖలందర్ నవ్వలేదు. కఫీల్ మాట చెవిలో మోగుతూనే ఉంది: ‘మనిషికింతని సర్కారుకు కట్టే లెవీ పెరిగింది. ఇద్దరినీ మోయలేను. ఒకరు వెళ్ళాలి. ఎవరన్నది ఆలోచించి నేనే చెబుతాను. అందాకా ఖాతా ముట్టకు.’

ఆ సంగతి వీడికి తెలిసిపోయిందా? ఆ రెండోవాడు వీడి మనిషేనా? తన పేరు మీద ఎగ్జిట్ కొట్టించడానికే కాచుకున్నాడా?

అసర్ నమాజుకు బజారు మూసే వేళయింది. జాబేజ్ సగం షట్టర్ దించి, “బయట గాలి పీల్చుకొస్తా భాయ్,” అని వెళ్ళాడు.

ఖలందర్ లెక్క వేసుకున్నాడు. మనిషి పోతే సరుకు మిగులుతుంది. లైబ్రరీ తనది, కొట్టు తనది, ఇఖామా తనది. ఆలస్యం చేసినవాడిదే నష్టం.

తొందరలో మూలనున్న అంకె చూడకుండా, ఎదుటనున్న ఆ బ్రౌజర్‌లోనే కఫీల్ ఖాతా తెరిచాడు. జాబేజ్ పేరు. ఫైనల్ ఎగ్జిట్. ‘ఖాయమా?’ అని అడిగింది పేజీ. నొక్కాడు.

ఫోన్ మోగింది. అబూ సాలెహ్.

“ఏం చేస్తున్నావు ఖలందర్?” అని అరబ్బీలో అడిగాడు పెద్దాయన.

“ఏం లేదు బాబా. నమాజు వేళ కదా, షట్టర్ దించి ఊరికే కూర్చున్నా.”

“ఖాతా ముట్టలేదు కదా?”

“అల్లా సాక్షిగా ముట్టలేదు.”

“మంచిది. నేనూ తోటలో ఊరికే కూర్చుని ఫోన్ చూసుకుంటున్నా. ఇందులో మీ లింకు ఆ కుర్రాడే పెట్టిచ్చాడు. నీకు చెప్పొద్దన్నది నేనే.”

స్క్రీన్ మీద, ఎవరూ ముట్టకుండానే, జాబేజ్ ఎగ్జిట్ రద్దయింది.

బాణం గుర్తు ఒక వరుస దిగి, ఖలందర్ పేరు మీద ఆగింది.