చెదరని జడ

సినిమాల్లో పిచ్చాసుపత్రి పిల్లలు జుట్టు విరబోసుకుని, ఊచలు పట్టుకుని కేకలు పెడతారు. మా మనవరాలు నున్నగా జడ వేసుకుని, మంచం మీద బుద్ధిగా కూర్చుంది.

"దీనికి పిచ్చేమిటమ్మా? ఇంటికి తీసుకుపోతాను," అన్నాను నర్సుతో.

"అరిచేవాళ్ళతో మాకంత భయం లేదు మామ్మగారూ. నిన్నటిదాకా ఏడ్చి, ఇలా ఉన్నట్టుండి నెమ్మదించినవాళ్ళతోనే భయం. ఇంకో వారం ఉంచండి."

"చాల్లే తల్లీ, నేనెన్ని సినిమాలు చూడలేదు!" అని కాగితం మీద వంకర సంతకం పెట్టేశాను.

బస్సులో పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "నీ గుండెదడ తగ్గిందా అమ్మమ్మా?"

"తగ్గిందే నా తల్లీ. నిన్నిలా చూశాక ఇంకేం దిగులు?"

"హమ్మయ్య," అంది.

నాలుగో రోజు ప్రాణం తీసుకుంది. శవం చుట్టూ చేరిన ఆడవాళ్ళు కూడా అన్నారు, జడ చెదరనైనా లేదని.