చూద్దాంగారి ఫైలు

"ఈయన్ని ఇంకా ఎందుకు మోస్తున్నారు?" అన్నాడు మేనేజర్, స్క్రీన్ మీద వేలు పెట్టి.

అమ్మకాలు చూసుకునే ఆమె, ఆ పేరు చూడకుండానే చెప్పగలదు. చూద్దాంగారే.

ఇళ్లలో బిగించే చిన్న లిఫ్టులు అమ్మే ఆ ఆఫీసులో ఆయన తెలియనివాళ్లు లేరు. ఐదేళ్ల కిందట లిఫ్టు కావాలని అడిగాడు. ఇప్పటిదాకా కొన్నదీ లేదు, వద్దన్నదీ లేదు. నెలకోసారి ఆమె ఫోన్ చేస్తే అరగంట వేపుకు తిని, చివర్లో "చూద్దామమ్మా" అని పెట్టేస్తాడు.

"పోయిన నెల ఏమడిగాడు?"

"కరెంటు పోతే తలుపు లోపల్నుంచి తెరుచుకుంటుందా అని."

"అంతకుముందు?"

"చక్రాల కుర్చీతో పాటు తోడు మనిషి కూడా పడతారా అని. చిన్నదాంట్లో పట్టరు, అది తీసుకోకండి అని చెప్పాను."

"కొనేవాణ్ణి కొనొద్దన్నారా? బావుంది మీ వరస!"

ఆమెకి వాదించే ఓపిక లేదు.

"సరే, ఇక మీకా బాధ లేదు," అన్నాడు మేనేజర్ హుషారుగా. "కొత్త సిస్టమ్ వచ్చింది. బేరం ఒక గడిలోంచి ఇంకో గడిలోకి మారగానే మెసేజ్ దానంతటదే వెళ్లిపోతుంది. ధర అడిగినవాళ్లకి ఒకటి, చెప్పాక నానుస్తున్నవాళ్లకి ఒకటి. నలభై ఐదు రోజులు కదలకపోతే 'పోయినవి' గడిలోకి నెట్టి, అదే నమస్కారం పెట్టేస్తుంది. మీరు ఫోన్లు చెయ్యక్కర్లేదు."

ఆమెకి నిజంగానే హాయిగా అనిపించింది. పదకొండేళ్లుగా ఫోన్లు చేసీ చేసీ గొంతు అరిగిపోయింది. ఇంటికెళ్లాక కూతురు పలకరిస్తే బదులివ్వడానికి కూడా మాట మిగలడం లేదు.

ఇక చేత్తో చెయ్యాల్సిందల్లా, కొన్నవాళ్ల ఫారం నింపడమే. దాని చివర 'మా గురించి ఎలా తెలిసింది?' అని ఒక గడి ఉంటుంది. నింపనిదే ఫారం కదలదు. ఆమె ఎప్పట్లాగే ఎవర్నీ అడగకుండా, అన్నిటికంటే పైనున్న 'ప్రకటన' మీద నొక్కేసి సంతకం పెట్టించుకునేది.

ఆ వారమే చూద్దాంగారికి మెసేజ్ వెళ్లింది. 'మీకు ఆసక్తి లేదని భావించి మీ ఫైలు మూసేస్తున్నాం. ధన్యవాదాలు.'

ఆయన్నుంచి జవాబు రాలేదు.

అమ్మయ్య అనుకుంది.

మొదటి నెల మూడు ఆర్డర్లొచ్చాయి. రెండో నెల ఒకటి. మూడో నెల సగం గడిచినా ఒక్కటీ లేదు.

"నెలాఖరుకి ఐదు రాకపోతే ఈ బ్రాంచి ఎత్తేస్తారట," అన్నాడు మేనేజర్. హుషారంతా దిగిపోయింది.

"ఏం చేద్దాం సార్?"

"ప్రకటనలు పెంచుదాం. మనకొచ్చినవాళ్లలో నూటికి తొంభైమంది ప్రకటన చూసి వచ్చినవాళ్లే. సిస్టమే చెబుతోంది కదా."

పెంచారు. ఎవరూ రాలేదు.

ఈ ఉద్యోగం పోతే నలభై ఎనిమిదేళ్ల వయసులో తనకి ఇంకోటి ఎవరిస్తారు? ఆ భయంతోనే 'పోయినవి' గడిలోని చిరునామాలు రాసుకుని బయల్దేరింది. పదిరోజులు కాళ్లరిగేలా తిరిగింది. కొందరు కొనేసుకున్నామన్నారు. కొందరు తలుపే తియ్యలేదు.

చివరికి మిగిలింది చూద్దాంగారి ఇల్లు.

ఇల్లు చూసి గుమ్మం ముందే నిలబడిపోయింది. ఒక్క అంతస్తే. మేడ లేదు, మెట్లు అసలే లేవు.

"రామ్మా," అన్నాడాయన, ఆమె పలకరించగానే గొంతు గుర్తుపట్టి. బక్కపలచటి మనిషి. గది మూల ఇసుక సంచులు, రబ్బరు పట్టీలు, రెండు చేతికర్రలు ఉన్నాయి.

"లిఫ్టెక్కి ఎక్కడికి పోదామనుకున్నారండీ ఈ ఇంట్లో?" కోపం ఆపుకోలేకపోయింది. "ఐదేళ్లు నాతో ఆడుకున్నారా?"

"ఆడుకోలేదమ్మా. కూర్చో. నాకెందుకు లిఫ్టు? కాళ్లు పడిపోయినవాళ్ల ఇళ్లకెళ్లి వ్యాయామాలు చేయిస్తుంటాను. వాళ్లకి ఏది నప్పుతుందో తెలుసుకోవాలి కదా. కొనేవాడిలా ఉంటేనే మీ వాళ్లు పలుకుతారు."

ఆమె కూర్చుంది. కాళ్లు పీకేస్తున్నాయి.

"నాలుగు కంపెనీలవాళ్లని అడిగాను. పట్టనిదాన్ని పట్టదని చెప్పింది నువ్వొక్కదానివే."

"ఆ ముక్క నాకు ముందే చెప్పచ్చుగా!"

"చెబితే కమీషన్ ఇస్తామంటారు. అది పుచ్చుకుంటే మంచం మీదున్నవాడు నా మాట నమ్ముతాడా?"

బల్ల మీదున్న నోటుపుస్తకం ఆమె ముందుకి జరిపాడు. చివరి పేజీలో తొమ్మిది పేర్లున్నాయి. పేరు పక్కన మెట్లెన్నో, జబ్బేమిటో రాసి ఉంది. దాని పక్కన వేరే కంపెనీ ఫోన్ నంబరు.

"ఇవి..."

"ఈ మూడు నెలలవి. ఫైలు మూసేశాం అన్నారు కదా," అన్నాడాయన నొచ్చుకుంటూ. "మీరు మూసేసుకున్నా వీళ్ల మోకాళ్లు ఆగవు కదమ్మా."

ఆమె పేజీలు వెనక్కి తిప్పింది. ఆ పాత పేర్ల పక్కన తన నంబరే ఉంది. ఇంకా వెనక్కి తిప్పింది. ఏడాది, రెండేళ్లు, ఐదేళ్లు.

ఆ పాత పేజీల్లో ఆమెకి తెలియని పేరు ఒక్కటీ లేదు. వాళ్లందరికీ లిఫ్టు అమ్మింది తనే, అందరి ఫారాల్లోనూ 'ప్రకటన' అని నొక్కిందీ తనే.