చెట్టు కింద పెద్దల సభ

"గీడనే కూసుందాం," అంటూ గౌండ్ల సంఘం పెద్ద భూపతి తువ్వాలు పరిచేసరికి బుచ్చిరాములు గుండె జారిపోయింది. సంఘం పాక కప్పు మారుస్తున్నారని సభ తాటివనానికి వచ్చింది. సిద్దిపేట పొలిమేరలో ఇన్ని చెట్లుండగా సరిగ్గా ఈ చెట్టే దొరకాలా! పైన మట్టల నడుమ అతని కోడలు కనకవ్వ ఉంది.

కొడుకు గత్తర జబ్బు సోకి పోయాడు. కల్లు గీసే మగవాడు లేని ఇంటి చెట్లను సంఘం వేరేవాళ్లకు పంచేస్తుంది. కోడలే గీస్తుంది, చెట్లు ఆమెకే ఉంచండని సాటి పెద్దల్ని ఒప్పించడానికే బుచ్చిరాములు వచ్చాడు. కానీ సభ ఒప్పుకోకముందే ఆడది నడుముకు మోకు కట్టిందని తెలిస్తే చెట్లూ పోతాయి, ఇల్లూ వెలి. దేశాల లడాయి రోజులు, అంగట్లో జొన్నలు దొరకవు. పిల్లల ఆకలి ఆ పిచ్చిపిల్లను ఆగనిచ్చింది కాదు.

బుచ్చిరాములు ఆ మాట సభలో పెట్టగానే సాటి పెద్ద దుబ్బయ్య చేతికర్రతో నేలను పొడిచాడు. ఆయనకు మోకాళ్లు పట్టేశాయి గానీ, నోరు మాత్రం భేషుగ్గా ఆడుతుంది.

"ఆడిమనిషి చెట్టెక్కుడేంది? కాలు జారితే పాపం ఎవలిది?"

"మొగోడు జారి పడ్తే ఎవలిదో, గది గూడ వాళ్లదే," అన్నాడు బుచ్చిరాములు. చూపు పైకి పోకుండా నేలకు గుచ్చి కూర్చున్నాడు.

"చూసేటోళ్లు నవ్వరా?"

"పిలగాండ్లు పస్తులుంటే ఏడ్వనోళ్లు, నవ్వితే ఏంది?"

అంతలో పైనుంచి ఎండుమట్ట ముక్క ఒకటి భూపతి భుజం మీద పడింది. భూపతి తల ఎత్తబోయాడు. బుచ్చిరాములుకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"పెద్దమనిషీ, ఇటు సూడు!" దుబ్బయ్య కర్ర మళ్లీ మోగింది. "ఆబ్కారోళ్లు ఆడిమనిషి పేరు రాసుకుంటరా?"

ఈ ముసలోడు ఇవాళ తనను నమిలి మింగితే గానీ వదిలేట్టు లేడు.

"పన్ను ముడితే నిజాం సర్కారుకు చీరేంది, ధోతేంది?"

"ఆమె గీసిన కల్లు ఎవలు తాగుతరు?"

"నువ్వు తాగకే దుబ్బన్నా. నీ వంతు నేను తాగుత!"

సభ గొల్లుమంది. దుబ్బయ్య ఒక్కడే నవ్వలేదు.

"గీ మాట ఒక్క కనకవ్వకేనా? రేపు ఇంకో ఇంట్ల గిట్లనే అయితే?"

"ఎక్కే మొగోడు లేకుంటే ఎవలింటికైనా ఇదే మాట," అన్నాడు భూపతి, కల్లు దొప్ప ముందుకు జరుపుతూ. ఆ దొప్పలో తాగితే ఒప్పుకున్నట్టే. అందరికన్నా ముందు చెయ్యి చాపింది దుబ్బయ్యే.

పెద్దలంతా లేచి ఇళ్లకు వెళ్లారు. దుబ్బయ్య మాత్రం కదలడు. బుచ్చిరాములుకు ముళ్ల మీద కూర్చున్నట్టుంది.

"ఎండెక్కుతుంది, ఇంటికి పోవా దుబ్బన్నా?"

"ముందుగాల కోడల్ని దిగుమను. ఎంతసేపు ఏలాడుతది పాపం!"

బుచ్చిరాములు గభాలున పైకి చూశాడు. "నీకు ఎరికేనా? ఎరికుండి గన్ని అడ్డమాటలెందుకు అడిగినవ్?"

"గా జవాబులు నాకు గావాలె," అని దుబ్బయ్య కర్ర పట్టుకుని లేచాడు. పక్కనే ఉన్న తన చెట్టు కొస వైపు తల ఎత్తి పెళ్లాన్ని కేకేశాడు.

"ఏమే రామవ్వా, నువ్వు గూడ దిగు! సభ ఒప్పుకున్నది."