రెండు కూతలు

నొక్కింది. కారు పలకలేదు. తాళం మీది మీట మళ్ళీ నొక్కింది. గట్టిగా నొక్కితే వింటుందేమోనని గోరు తెల్లబడేదాకా నొక్కింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అయిదున్నరయింది. సరిగ్గా ఆరున్నరకు ఆ కారు కుయ్ కుయ్ అని రెండుసార్లు కూయాలి. మూడో అంతస్తులో కిటికీ పక్క మంచం మీద ఉన్న మామగారికి అది వినబడాలి. అది వినందే ఆయన గుండె మాత్ర వేసుకోరు. ఒక్క పూట కూడా మానడానికి వీల్లేదని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

నిన్న మొదటి కూత సరిగానే కూసి, రెండోది గొంతులోనే మింగేసింది కారు. అనుమానం వచ్చి ఇవాళ గంట ముందే కిందికి దిగింది కోడలు. రిమోట్ తాళంలో సెల్లు కూడా తనే మార్చి చూసింది. లాభం లేకపోయేసరికి వీధి చివర తాళాల షాపుకు దాదాపు పరుగెత్తింది.

తాళాలాయన నుదుటి మీది కళ్ళజోడు ముక్కు మీదికి దించి, తాళాన్ని రెండు చిప్పలుగా విప్పాడు.

“సెల్లు మీరే మార్చారామ్మా?”

“ఇందాకే. కొత్తదే వేశాను.”

“కొత్తదే. కాకపోతే బోర్లా పడుకోబెట్టారు.”

సెల్లు తిరగేసి, గుడ్డతో తుడిచి, చిప్పలు మూశాడు. మీట నొక్కగానే ఎర్రదీపం మినుకుమంది. ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది.

“అప్పుడే సంబరపడకండి. బండి దగ్గర కూడా చూద్దాం పదండి” అంటూ సంచీ భుజాన వేసుకున్నాడు.

కారు దగ్గర మళ్ళీ నొక్కాడు. తాళంలో దీపం వెలిగింది. కారు మాత్రం బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయింది. తాళం పొట్టలోంచి చిన్న ఇనప తాళంచెవి బయటికి లాగి తలుపు తీశాడు. లోపల దీపం కూడా వెలగలేదు.

“తాళం బాగానే మాట్లాడుతోందమ్మా. బండే వినిపించుకోవట్లేదు. నడిపి ఎన్నాళ్ళయింది?”

“అయిదు నెలలు.”

“అయిదు నెలలే! మీ ఆయన ఊళ్ళో లేరా?”

“లేరండీ.”

అది అబద్ధం కాదు. అయిదు నెలల కిందట ఆఫీసు మెట్ల మీద కూలబడ్డ మనిషి మళ్ళీ లేవలేదు. అప్పటికి మామగారు గుండె ఆపరేషనై ఆస్పత్రిలో ఉన్నారు. ఈ కబురు చెవిన పడితే ఆయనా దక్కరన్నారు డాక్టర్లు. చుట్టాలందరి చేతా ఒట్టు వేయించుకుంది. తన ఏడుపేదో స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

మరి కొడుకేడని తండ్రి అడగడా? అడగడు. అక్కడే ఆమెకు కాస్త సందు దొరికింది. తండ్రీకొడుకులకు రెండేళ్ళుగా మాటల్లేవు. ముప్పైరెండేళ్ళు బస్సు నడిపిన మనిషి ఆయన. మంచం దిగకుండానే వీధిలో వెళ్ళే బండి ఏ గేరులో ఉందో చెప్పేస్తారు. అలాంటాయన ఒకరోజు ఈ కారు తీసి గేటుకు గుద్దారు. “ఇక చాలు నాన్నా” అని కొడుకు ఆయన చేతిలోంచి తాళం తీసేసుకున్నాడు. అంతే. ఒకే ఇంట్లో ఎడమొహం పెడమొహం. అయినా రోజూ సాయంత్రం ఆ కారు కూత వినేదాకా పెద్దాయన చెవులు కిటికీలోనే ఉండేవి. వినగానే “వచ్చారు దొరగారు” అని గొణిగి మాత్ర మింగేవారు.

ఆ గొణుగుడును నమ్ముకునే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది. ఆమెకు డ్రైవింగు రాదు. ఆరున్నరకు చెత్తబుట్ట వంకతో దిగి మీట నొక్కేది. పైకి వచ్చేసరికి ఆయన మాత్ర వేసుకుని ఉండేవారు. “వాడికి వడ్డించి నువ్వూ తిను” అని గోడవైపు తిరిగిపోయేవారు. వంటింట్లో రెండు కంచాలు చప్పుడయ్యేలా పెట్టి, ఒకదాంట్లో తినేది. ఆ రెండు కూతలప్పుడు ఆమెక్కూడా ఒక్క క్షణం నిజంగానే వచ్చాడనిపించేది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు.

తాళాలాయన బానెట్ ఎత్తి పెదవి విరిచాడు.

“బాటరీ డెడ్డమ్మా. ఉబ్బిపోయింది కూడా. రేపు పొద్దున కొత్తది తెచ్చి వేస్తాను.”

“రేపు కాదండీ, ఇవాళే కావాలి. ఒక్కసారి కూయించండి, చాలు.”

“కూయించడమేంటమ్మా, ప్రాణం పోయిన బండిని?”

పాత బాటరీ విప్పి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆరూ ఇరవై. పక్క ఇంటివాళ్ళ కారును కూయించమని బతిమాలదామా అనుకుంది. మామగారు పరాయి కారు కూతకు మోసపోయే మనిషి కాదు. ఆరున్నర అయింది. వీధి ఏమీ పట్టనట్టు నిశ్శబ్దంగా ఉంది. పైన ఆయన ఎదురుచూస్తూ ఉంటారు. మాత్ర ముట్టుకుని ఉండరు.

ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్ళారని చెప్పాలి. ఆ మాటే నోట్లో నానబెట్టుకుంటూ మెట్లెక్కింది. రెండో అంతస్తు దగ్గర ఏడుపు తన్నుకొచ్చింది. పమిటతో మొహం తుడుచుకుని, మిగిలిన మెట్లు పరుగున ఎక్కి తలుపు తోసింది.

మాత్రల అట్టలో ఇవాళ్టి గడి ఖాళీగా ఉంది. నీళ్ళ గ్లాసు కూడా ఖాళీగా ఉంది.

“మామయ్యా, ఆయన ఇవాళ...”

పెద్దాయన గోడవైపు తిరగలేదు. ఆమె మొహంలోకే చూస్తూ మెల్లగా అన్నారు.

“ఆయాసపడకు తల్లీ, ఇందాకే కారు రెండుసార్లు కూసింది, నేను విన్నాను.”